అప్పజెప్పడం వచ్చింది, చదవడం రావాలి: తెలుగు ప్రాథమిక బడుల్లో పఠన ప్రగతిపై ఒక సమీక్ష

మూడో తరగతి పిల్లవాడి చేతికి తెలుగు వాచకం ఇచ్చి చదవమంటే చాలా బడుల్లో ఒకే తంతు కనిపిస్తుంది. మొదటి వాక్యం అందుకుని, ఎక్కడా తడుముకోకుండా, రాగంతో సహా పాఠం చివరిదాకా వెళ్లిపోతాడు. అదే పేజీలో నాలుగో వరసలో ఒక మాట మీద వేలు పెట్టి 'ఇదేమిటి?' అంటే మాత్రం ఆగిపోతాడు. కాసేపు దానివంక చూసి, పెదవులు కదుపుతూ పాఠాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర నిలబడతాడు. పాఠం నోటికొచ్చింది గానీ చదవడం రాలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు సగమే చూసి 'బాగా చదువుతున్నాడు' అని రాసుకుని వెళ్లిపోతే, అసలు సంగతి ఆరో తరగతిలో సైన్సు పుస్తకం తెరిచేదాకా బయటపడదు.

ఐదేళ్లు బడికి వచ్చిన పిల్లలు చిన్న కథ కూడా ఎందుకు చదవలేకపోతున్నారు? రెండు తెలుగు రాష్ట్రాల ప్రాథమిక విద్యలో నలభై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. దీని మీద సర్వేలు జరిగాయి, పథకాలు వచ్చాయి, మన పల్లె బడుల్లోనే లోతైన ప్రయోగాలు జరిగాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటగా కనిపిస్తుంది. మనకు పథకాలకూ పరీక్షలకూ కరువు లేదు. పరీక్ష పెట్టిన మర్నాడు తరగతిలో ఏం మారాలన్నదే ఎవరికీ పట్టని విషయంగా మిగిలిపోయింది.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

పిల్లల చదువును ఇంటి దగ్గర కూర్చోబెట్టి కొలవడం 2005లో 'ప్రథమ్' సంస్థ మొదలుపెట్టిన 'అసర్' సర్వేతో దేశానికి అలవాటైంది. దాని కొలబద్ద చాలా సాదాది. ఒక కాగితం మీద విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడు ఏ మెట్టు దాకా చదవగలిగితే అదే అతని స్థాయి.

2018లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 22.6 శాతం, తెలంగాణ గ్రామాల్లో 18.1 శాతం. 2022 నాటికి అవి 10.3 శాతానికి, 5.2 శాతానికి పడిపోయాయి. కోవిడ్ కాలంలో బడులు మూతపడటం వల్ల ఇలా జరిగిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. కోవిడ్ మాటే లేని 2018లోనూ దేశ సగటు 27.3 శాతం కాబట్టి, మనం అప్పటికే దిగువన ఉన్నాం. దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఈ లెక్క 2018లో 20.9, 2022లో 16.3, 2024లో 23.4 శాతం. పడినదంతా లేచి, పాత గీతను కొంచెం దాటింది కూడా. అయినా ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా, 2024లో సైతం, రెండో తరగతి కథ దగ్గరే ఆగిపోయారు.

ఈ సర్వే గ్రామాలకే పరిమితం. చదివే వేగాన్ని అది కొలవదు. ఆ లోటు కొంత తీర్చేలా ఎన్‌సీఈఆర్‌టీ 2022లో మూడో తరగతి పిల్లలతో ప్రత్యేక అధ్యయనం చేసింది. దాదాపు 10,000 బడుల్లో 86,000 మంది పిల్లలను 20 భాషల్లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించి, ఏ భాషకు ఆ భాషలో ప్రమాణం కట్టింది. అలా విడివిడిగా కట్టడం చాలా అవసరం. ఎందుకంటే మన మాట పొడుగు వేరు. 'వెళ్లిపోతున్నారేమో' అన్నది తెలుగులో ఒక్క మాట. హిందీలోనో ఇంగ్లీషులోనో దానికి నాలుగైదు మాటలు కావాలి. నిమిషానికి ఇన్ని మాటలని అన్ని భాషలకూ ఒకే గీత గీస్తే తెలుగు పిల్లవాడు పరిగెత్తుతున్నా నడుస్తున్నట్టే కనిపిస్తాడు.

2021 జూలై 5న కేంద్రం ప్రారంభించిన 'నిపుణ్ భారత్' లక్ష్యాలను ఈ వెలుగులో చూడాలి. ఒకటో తరగతి చివరికి నాలుగైదు తేలిక మాటలున్న కొత్త వాక్యాలు చదవాలి. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతిలో కనీసం 60 మాటలు అర్థంతో సహా చదవాలి. 2026–27 కల్లా మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లవాడికీ ఇది రావాలన్నది గడువు. ప్రాథమిక స్థాయిలో చదవడం, లెక్కలు రానివాళ్లు 5 కోట్లకు పైగా ఉన్నారని 2020 జాతీయ విద్యా విధానం తానే ఒప్పుకున్న తర్వాత పుట్టిన లక్ష్యం ఇది. లక్ష్యం మంచిదే. కానీ శాతం అన్నది జిల్లా అధికారికి పనికొస్తుంది. ముందు బల్ల మీద కూర్చున్న పిల్లకు ఒత్తులు వచ్చో రావో టీచరుకు చెప్పదు.

రెండు వందల ఏళ్ల అలవాటు

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని వీధి బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చారు. కన్నడ, తెలుగు బడులే అందులో ఎక్కువ. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు నేర్పడం ఆయనకు నచ్చాయి. నచ్చనిదేమిటంటే, పిల్లలు వల్లించే పద్యాల భాషకూ వాళ్లు మాట్లాడుకునే భాషకూ పొంతన లేదు. ఏళ్ల తరబడి కంఠస్థం చేసినా చదివినదాని అర్థం తెలియడం లేదన్నది ఆయన ఫిర్యాదు.

ఆ ఫిర్యాదులో వలస పాలకుడి చూపు ఎంతో కొంత ఉంటే ఉండవచ్చు. కానీ ఎనభై ఏళ్ల తర్వాత గిడుగు వెంకట రామమూర్తి వ్యావహారిక భాష కోసం పట్టుబట్టినప్పుడు ఆయన బాధ కూడా బడి పిల్లల గురించే. ఆయన గెలిచారు, వాచకాల భాష మారింది. మారనిది వల్లె వేయించే అలవాటు. టీచరు ఒక వాక్యం చదువుతారు, తరగతి అంతా అదే వాక్యాన్ని ఒక్క గొంతుతో పలుకుతుంది. ఆ హోరులో ఎవరు అక్షరాన్ని చూసి పలుకుతున్నారో, ఎవరు పక్కవాడి గొంతును అందుకుంటున్నారో చెప్పడం ఎవరితరమూ కాదు. నలభై మందిని ఒకేసారి పనిలో పెట్టడానికి అదొక తేలిక దారి కాబట్టి రెండు శతాబ్దాలు నిలిచింది. వల్లె వేయడంలో తప్పేమీ లేదు. చెవికి లయ అందుతుంది, మాటలు వస్తాయి. అదే చదువని సరిపెట్టుకోవడంలోనే చిక్కుంది.

మన లిపి అడిగే సమయం

తెలుగు చదవడం నేర్చుకోవడమంటే యాభై పైచిలుకు వర్ణాలు గుర్తుపట్టడంతో అయ్యేది కాదు. ప్రతి హల్లుకూ గుణింతం ఉంది. అక్కడికే నాలుగు వందల రూపాలు దాటుతాయి. ఆపైన ఒత్తులు. కొన్ని ఒత్తులు అక్షరం రూపంలోనే తలకట్టు తీసేసి కింద కూర్చుంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం తల్లి అక్షరంతో పోలికే లేకుండా ఉంటాయి. 'క్ర'లో ర ఒత్తు కిందనుంచి ఎడమవైపుకు చుట్టుకుని ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం తర్వాత పలకాలి. 'కై'లో ఐత్వం సగం పైన, సగం కింద. మ–య, ప–ష, ఘ–ఫ లాంటి జంటల దగ్గర తడబడని పిల్లలు ఉండరు. ఇదంతా పెద్దవాళ్లకు కనిపించదు, ఎప్పుడో దాటేశాం గనుక.

మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపిలో పిల్లలు చదవడం నేర్చుకునే తీరుపై సోనాలీ నాగ్ పరిశోధన 2007లో అచ్చయింది. అక్షరాలన్నీ పూర్తిగా వశం కావడానికి నాలుగో తరగతి దాకా పట్టవచ్చని అది చూపింది. కాబట్టి ఒకటో తరగతిలో అచ్చులు, హల్లులు, గుణింతాలు, రెండో తరగతిలో ఒత్తులు పూర్తయ్యాయనుకుని, మూడో తరగతిలో నేరుగా పాఠాల్లోకి దిగే మన లెక్క ఎక్కడో తప్పుతోంది. మూడో తరగతి సిలబస్‌లో ఒత్తులు మళ్లీ నేర్పే పీరియడ్ అంటూ ఉండదు. రెండో తరగతిలో రాని పిల్లవాడికి ఇక ఎప్పటికీ రావడానికి చోటు లేదు.

అక్షరం నుంచి మాటకు వెళ్లాలా, మాట నుంచి అక్షరానికి రావాలా అన్న వాదం కూడా పాతదే. పాత పద్ధతిలో వర్ణమాల అంతా దిద్దాకే మాట వచ్చేది. ఇటీవలి వాచకాలు బొమ్మ, గేయం, మాటలతో మొదలుపెట్టి అందులోంచి అక్షరాన్ని విడదీస్తాయి. వర్ణమాల వరసను పక్కనపెట్టి, రాతలో తేలికైన, ఎక్కువ మాటలకు పనికొచ్చే అక్షరాలను ముందు తెస్తాయి. రెండిటిలోనూ ప్రమాదం ఉంది. మొదటి దారిలో నడిచిన పిల్లలు నెలల తరబడి అర్థం లేని దిద్దుబాటులో విసిగిపోతారు. రెండో దారిలో టీచరు ఏమరితే పిల్లలు బొమ్మ చూసి మాట చెప్పేస్తారు, అక్షరం దాకా రారు. అనుభవజ్ఞులైన ప్రాథమిక టీచర్లు (ఎస్‌జీటీలు) చాలామంది రెండిటినీ కలిపే వాడతారు. పొద్దున గేయం పాడించి, దానిలోంచి నాలుగు అక్షరాలు తీసి, ఆ నాలుగింటితో పుట్టే కొత్త మాటలన్నీ రాయిస్తారు. పుస్తకంలో లేని మాటను పిల్లవాడు తానుగా చదివాడా అన్నదే వాళ్లకు గీటురాయి. పరిశోధన చెప్పేదీ దాదాపు ఇదే.

అక్షరాలు వచ్చాక కూడా ఒక అడ్డంకి ఉంది. 'కుక్కపిల్ల గేటు దాటి పరుగెత్తింది' అన్న వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివే పిల్ల 'ప... రు... గె...' దగ్గరికి వచ్చేసరికి పరుగెత్తింది ఎవరో మర్చిపోతుంది. మనసులోని చోటంతా అక్షరాలకే సరిపోతుంది, అర్థానికి మిగలదు. వేగం గురించిన పట్టింపు అందుకే. అది పందెం కోసం కాదు, అర్థానికి చోటు మిగలడం కోసం. ధారాళంగా చదవడం వచ్చేది చదవగా చదవగానే. రోజూ కొత్త పేజీ చదివే అవకాశం లేని పిల్లవాడికి అది రాదు.

పథకాల వరస

1980ల నడుమ బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రాథమిక విద్యా ప్రాజెక్టునే మనవాళ్లు ఇప్పటికీ 'ఏపీపెప్' అని గుర్తుచేసుకుంటారు. కృత్యాధార బోధన, టీచర్లు నెలనెలా కలుసుకుని పాఠాలు చర్చించుకునే కేంద్రాలు దాని చలవే. నేటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు మూలం అక్కడుంది. 1990ల రెండో సగంలో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం 'డీపెప్' వచ్చింది. 2005 ప్రాంతంలో భాషాభివృద్ధి కోసం 'క్లిప్', దాని వెనకే 'క్లాప్స్' వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2020లో 'చదవడం మాకిష్టం' ఉద్యమం చేపట్టింది. తెలంగాణ 2022లో వంద రోజుల పఠన కార్యక్రమాన్ని, అదే ఏడు ఆగస్టులో ఒకటి నుంచి ఐదు తరగతులకు 'తొలిమెట్టు'ను మొదలుపెట్టింది.

ఇవేవీ చెడ్డవి కావు. వీటిలో పనిచేసిన టీచర్లు చాలా నేర్చుకున్నారు కూడా. చిక్కల్లా ఆయుష్షుతోనే. అధికారి మారితే పేరు మారుతుంది, ప్రభుత్వం మారితే రిజిస్టరు మారుతుంది. పాత శిక్షణ పూర్తిగా ఇంకకముందే కొత్త మాడ్యూలు వస్తుంది. ఇరవై ఏళ్లు సర్వీసు చేసిన టీచరు బీరువాలో ఇలాంటివి దొంతరగా ఉంటాయి. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఐదు పూర్తి చేసేలోగా బడి రూపురేఖలే మారిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117 జీవో మూడు నుంచి ఐదు తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలలకు తరలించింది. 2025లో దాన్ని రద్దుచేసి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడుల దారి పట్టారు. తరగతికో టీచరన్నది మంచి ఆలోచనే. కానీ ఈ రెండు నిర్ణయాల మధ్యా చదివిన పిల్లలకు మాత్రం మూడో తరగతి ఒక్కసారే వస్తుంది.

పేరు మారకుండా నిలిచిన ప్రయత్నం ఒకటుంది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో రమ, పద్మనాభరావు దంపతులు 1980ల చివర చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం రూపొందించిన పద్ధతి అది. ఐదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో ఉండే చోట తరగతి అనే గోడ ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. వాచకాన్ని వందలాది చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడ మీద 'నిచ్చెన' అనే పటం. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డు అరలో ఉంటుంది. పిల్ల తాను నిన్న ఎక్కడ ఆగిందో చూసుకుని, కార్డు తీసుకుని, కొన్ని పనులు టీచరుతో, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేస్తుంది. రాని మెట్టు దాటి పోవడం ఉండదు, వచ్చినదాని దగ్గర ఎదురుచూడటమూ ఉండదు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ బాట పట్టాయి, తర్వాత తమిళనాడు అంతా విస్తరించింది. పుట్టిన గడ్డ మీద అది అంతలా పాకకపోవడం మన విచిత్రాల్లో ఒకటి.

ప్రయోగాలు తేల్చినవి

2005 నుంచి కొన్నేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వరసగా ప్రయోగాలు చేశారు. అందులో ఒకటి మన చర్చకు ఆయువుపట్టు. వంద బడుల్లో పిల్లలకు బేస్‌లైన్ పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రాదో వివరంగా రాసిన నివేదికలు టీచర్లకు ఇచ్చారు. ఎలా వాడుకోవాలో సూచించారు. అప్పుడప్పుడూ వెళ్లి చూశారు. వెళ్లి చూసిన రోజుల్లో ఆ టీచర్లు మిగతా బడుల వాళ్లకంటే చురుగ్గా కనిపించారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం ఆ పిల్లలకూ, నివేదికలేవీ అందని బడుల పిల్లలకూ తేడా లేదు. మరికొన్ని బడుల్లో అవే నివేదికలతో పాటు, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. అక్కడ మార్కులు పెరిగాయి. నివేదిక ఉపయోగపడిందన్న టీచర్ల తరగతుల్లో పిల్లలు ఎక్కువ మెరుగుపడింది కూడా ఆ బడుల్లోనే.

బోనస్‌లు ఇచ్చెయ్యాలన్నది ఇందులోంచి తీసుకోవలసిన పాఠం కాదు. కొలత ఒక్కటే దేన్నీ మార్చదన్నది పాఠం. ఇవాళ బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్ అని ఏటా మూడుసార్లు మార్కులు యాప్‌లో ఎక్కించే బడులన్నీ ఆ వంద బడుల ప్రయోగాన్ని తెలియకుండానే మళ్లీ చేస్తున్నాయి. ఫలితం కూడా అదే వచ్చే ప్రమాదం ఉంది.

అదే వరసలో జరిగిన మరో ప్రయోగంలో కొన్ని బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును, మన వాడుకలో విద్యా వాలంటీరును, ఇచ్చారు. భాషలోనూ లెక్కల్లోనూ పిల్లలు మెరుగుపడ్డారు. ఎక్కువ లాభపడింది ఒకటో తరగతి పిల్లలు, మారుమూల బడులు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు కాంప్లెక్స్ మీటింగుకో సర్వే డ్యూటీకో వెళ్తే ఆ రోజు బడి ఏకోపాధ్యాయ బడే. ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలని చట్టం చెప్పింది. ఒక పిల్ల నోరు తెరిచి టీచరు ఎదుట చదివే నిమిషాలను లెక్కగడితే ఆ 800 గంటల్లో ఎంత పలచబడిపోతాయో ఊహించవచ్చు.

పిల్లలను తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టి నేర్పే పద్ధతిపై ప్రథమ్ సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన పరిశోధనలు వడోదర, ముంబయిలలో మొదలై ఉత్తరాది పల్లెలకు పాకాయి. అందులో మనకు కావలసిన పోలిక ఒకటుంది. బిహార్‌లో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి, మామూలు బడి వేళల్లో వాళ్లకు వాళ్లను వదిలేస్తే మార్పు రాలేదు. వేసవి శిబిరాల్లో అదే పద్ధతిని టీచర్లు నడిపితే ఫలితం వచ్చింది. హరియాణాలో రోజుకు ఒక గంట దీనికే కేటాయించి, పర్యవేక్షకులను కూడా అదే పద్ధతిలో తయారుచేసి పంపితే బడి వేళల్లోనూ ఫలించింది. ఉత్తరప్రదేశ్‌లో పది, ఇరవై రోజుల శిబిరాల తర్వాత పేరా గానీ కథ గానీ చదవగలిగిన పిల్లలు దాదాపు సగానికి చేరారు. శిబిరాలు జరగని బడుల్లో వాళ్లు పాతిక శాతం లోపే. పని రాని టీచరు, మంచి టీచరు అన్న తేడా కాదిది. గంట దక్కిన టీచరు, దక్కని టీచరు అన్న తేడా.

కోవిడ్ తర్వాత తమిళనాడు కోలుకున్న తీరు కూడా ఇదే చెబుతుంది. బడులు తెరిచిన ఆరు నెలల్లోనే పిల్లలు పోగొట్టుకున్నదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి రాబట్టుకున్నారని అభిజిత్ సింగ్, మౌరీసియో రొమేరో, మురళీధరన్ అధ్యయనం తేల్చింది. ఊళ్లోని స్వచ్ఛంద కార్యకర్తలతో సాయంత్రాలు నడిపిన 'ఇల్లం తేడి కల్వి' కార్యక్రమం వాటా అందులో దాదాపు నాలుగో వంతు.

ఏ భాషలో మొదటి అక్షరం?

ఆంధ్రప్రదేశ్ 2019లో ప్రాథమిక స్థాయి నుంచి ఇంగ్లీషు మీడియం ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసినా బడుల నడక అటువైపే సాగింది. తెలంగాణ 2022–23లో అదే దారి పట్టింది. రెండు చోట్లా ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తల్లిదండ్రుల కోరికను చిన్నచూపు చూడటం తగదు. ప్రైవేటు బడి బస్సు ఊళ్లోకి వస్తున్నంత కాలం, పేదవాడి పిల్లలు మాత్రం తెలుగులోనే ఆగాలనడం న్యాయమూ కాదు.

అయితే చదవడం అనే పని ఒక్కసారి ఒక భాషలో పట్టుబడితే రెండో భాషకు అది పెట్టుబడి అవుతుంది. ఇంట్లో వినే భాషలో ఆ పట్టు త్వరగా దొరుకుతుంది. కూడబలుక్కుని చదివినా మాట తెలిసిందే కాబట్టి చెవి సరిదిద్దుతుంది. తెలియని భాషలో కూడబలుక్కుంటే సరిదిద్దేవారెవరూ ఉండరు. ప్రైవేటు బడులపై మురళీధరన్, సుందరరామన్ 180 గ్రామాల్లో ఫీజు ఓచర్లతో చేసిన అధ్యయనం ఇంకో భ్రమ కూడా తీసేసింది. నాలుగేళ్ల తర్వాత తెలుగు, లెక్కల్లో ప్రైవేటు బడికి మారిన పిల్లలకూ మారనివాళ్లకూ తేడా లేదు. ప్రైవేటు బడులు ఆ రెండు సబ్జెక్టులకు తక్కువ సమయం, ఇంగ్లీషు, హిందీ వంటివాటికి ఎక్కువ సమయం ఇస్తున్నాయి. హిందీలో ఆ పిల్లలు ముందున్నారు. మీడియం ఏదైనా కావచ్చు. మొదటి రెండేళ్లు తెలుగు చదవడానికి రోజూ గట్టి సమయం దక్కాలన్నది ఆ పేరుతో జారవిడుచుకోకూడని సంగతి.

తెలుగే పరాయి భాషైన పిల్లల సంగతి మరీ ముఖ్యం. గిడుగు వారు సవరలో వాచకాలు రాసిన ఎన్నో దశాబ్దాలకు, 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో 240 బడుల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. ఆ పుస్తకాలూ ఆ అనుభవమూ ఉన్నాయి. వాటిని నిరంతరంగా నడిపించే పట్టుదలే అప్పుడు కొంత, ఇప్పుడు కొంతగా ఉంది.

బీరువా తాళం

చదవడం నేర్చిన పిల్లకు చదవడానికి ఏదో ఒకటి కావాలి. వాచకం జూలైలోనే కంఠస్థం అయిపోతుంది. సికింద్రాబాద్ నుంచి 'మంచి పుస్తకం' తక్కువ ధరకు వందల బాలల పుస్తకాలు తెచ్చింది. ప్రథమ్ బుక్స్ 2015 నుంచి 'స్టోరీవీవర్'లో తెలుగు కథలను కూడా ఎవరైనా అచ్చువేసుకునేలా ఉచితంగా ఉంచింది. బొమ్మ పెద్దదిగా, పేజీకి ఒకే వాక్యంతో, స్థాయిల వారీగా ఉన్న పుస్తకాలు ఒకప్పటిలా అరుదేమీ కాదు. బడి గ్రంథాలయానికి నిధులు కూడా వస్తున్నాయి.

అయినా చాలా బడుల్లో పుస్తకాలు హెడ్మాస్టరు గదిలో బీరువాలో ఉంటాయి, తాళం ఆయన దగ్గర ఉంటుంది. చిరిగితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలన్న భయం నిజమైనదే. చిరిగిన పుస్తకాన్ని పఠనం జరిగిందనడానికి సాక్ష్యంగా తీసుకుని, ఏటా కొంత శాతం పుస్తకాలు పోయినా ప్రశ్నించబోమని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, ఖర్చు లేకుండా ఆ తాళాలు తెరుచుకుంటాయి.

ఒక బడి పెట్టుకోదగిన లక్ష్యం

ఈ సమీక్షంతా వడగడితే ఒక ఇద్దరు టీచర్ల బడి రేపటినుంచి చేయగలిగినవి కొన్నే మిగులుతాయి. మొదటిది, లక్ష్యాన్ని శాతంలో కాకుండా పేర్లలో రాసుకోవడం. సరళ పదాలు, గుణింత పదాలు, ఒత్తు పదాలు, పేరా, కథ అని ఐదు మెట్లు గీసి, రెండు నుంచి ఐదు తరగతుల పిల్లలందరి పేర్లూ వాళ్లు ఇవాళ ఉన్న మెట్టు మీద రాయాలి. పరీక్షకు వాచకం పేజీ వాడకూడదు, కొత్త పేజీ కావాలి. ఆరు వారాల్లో ప్రతి పేరూ ఒక మెట్టు పైకి రావాలి. అదే బడి లక్ష్యం.

రెండోది గంట. పొద్దున ప్రార్థన తర్వాత తొలి గంట చదవడానికే. ఆ గంటలో తరగతుల గోడలు తీసేసి మెట్లను బట్టి కూర్చోబెట్టాలి. అడుగు మెట్టు పిల్లలు పదిమంది లోపు ఒక టీచరు దగ్గర, ఒక్కొక్కరూ గొంతు విప్పి చదివేలా. పేరా దాటినవాళ్ల చేతికి కథల పుస్తకాలు, ఇద్దరికొకటి. నడిమి మెట్ల వాళ్లు రెండో టీచరుతో. ఆ గంటలో ఫోను మోగకూడదు, ఫొటో అప్‌లోడ్ ఉండకూడదు, కాంప్లెక్స్ నుంచి అత్యవసర సమాచారం అడగకూడదు. ఇది టీచరు చేతిలో లేని పని. మండల విద్యాధికారి ఇచ్చే అతి పెద్ద పఠన సాయం ఆ గంటను కాపాడటమే.

మూడోది, చూసేవాళ్లను మార్చడం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు నుంచి మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరుగుతున్నాయి. తెలంగాణలో బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ముగ్గులు, ప్రసంగాలు ఎలాగూ ఉంటాయి. వాటి నడుమ ప్రతి తల్లి ఎదుట ఆమె బిడ్డ ముందెన్నడూ చూడని ఒక పేజీ చదవాలి. తల్లికి చదువు రాకపోయినా బిడ్డ చదువుతోందో తడబడుతోందో చెవికి తెలుస్తుంది. అప్పజెప్పడానికీ చదవడానికీ తేడా ఒకసారి విన్నవాళ్లు మళ్లీ మోసపోరు.

దీనికి కొత్త పథకం పేరు అక్కర్లేదు, కొత్త యాప్ అసలే అక్కర్లేదు. కృత్రిమ మేధతో పఠనాన్ని సరిచూసే ప్రయత్నాలు తెలంగాణ బడుల్లో మొదలయ్యాయి. చదవడం రాని పిల్లవాడిని అవి త్వరగా గుర్తుపడితే మంచిదే. గుర్తుపట్టిన తర్వాత వాడి పక్కన కూర్చునే గంట దొరక్కపోతే, వంద బడుల నివేదికలకు పట్టిన గతే వాటికీ పడుతుంది. నిపుణ్ గడువు దగ్గరపడే కొద్దీ రాష్ట్రాలు శాతాలు ప్రకటిస్తాయి. ఆ శాతాల పక్కన ప్రతి బడినీ ఒక్క ప్రశ్నే అడగాలి: పోయినసారి అడుగు మెట్టు మీద ఉన్న పిల్లల పేర్లు చెప్పండి, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? జవాబు పేర్లతో వచ్చిన బడిలో ప్రగతి ఉంది. అంకెలతో మాత్రమే వచ్చిన బడిలో ఉన్నది రిజిస్టరు.